గుండు నున్నగా వచ్చింది, రసీదు రాలేదు

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక సెలూనులో, పిల్లల క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేయడానికి సెప్టెంబరులో గుండ్లు చేశారు. నేనూ చేయించుకున్నాను. క్షవరాన్నీ చందా వ్యవహారాన్నీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే మొదటిదానికి పూర్తి మార్కులు వేయగలను గాని రెండోదానికి చేయి రావడం లేదు.

కూర్చోగానే కత్తి పెట్టలేదు. మిషనుతో జుట్టంతా పొట్టిగా తీసి, తలను బాగా తడిపి, వేళ్లతో రుద్ది నాననిచ్చిన తరువాత, నా కళ్లెదుటే కొత్త బ్లేడు విరిచి కత్తికి ఎక్కించారు. చెవుల వెనుక చర్మాన్ని బొటనవేలితో సాగదీసి పట్టుకుని, మెడ మీది పుట్టుమచ్చ దగ్గర చేయి నెమ్మదించి, ఎక్కడా గాటు పడకుండా ముగించి పటిక రాశారు. కుర్చీ పైన దీపం మసకగా ఉండడం తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు.

నన్ను నిజంగా మెప్పించింది పక్క కుర్చీలో జరిగింది. క్యాన్సర్‌కు కీమో మందు తీసుకుంటున్న మనవడికి తోడుగా గుండు చేయించుకోవడానికి వచ్చిన పెద్దాయన, పిల్లవాడికి కూడా కత్తితోనే గీసేయమన్నారు. "వద్దు తాతా, మందెక్కుతున్న పిల్లోడికి కత్తి ఎట్టకూడదు, మిషనేసి వదిలేద్దాం" అని సెలూను యజమాని వారించారు. ఆ మందు వల్ల రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, జబ్బులతో పోరాడే తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు, చీము పట్టే ప్రమాదమూ ఉంటుంది. ఆ మాట తెలిసిన చేతికి పిల్లవాణ్ణి నిశ్చింతగా అప్పగించవచ్చు.

ఇక చందా సంగతి. 2000 మార్చి 17న న్యూయార్కులో, బీమా రంగంలో పనిచేసే ముగ్గురు స్నేహితులు 17 గుండ్లతో 17,000 డాలర్లు పోగుచేద్దామని మొదలుపెడితే 1,04,000 డాలర్లకు పైగా వచ్చాయి. ఇలా గుండ్లతోనే పిల్లల క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేసే సెయింట్ బాల్డ్రిక్స్ ఫౌండేషన్‌కు అదే నాంది. ఆ పద్ధతిలో గుండు చేయించుకునేవారే తమ వాళ్లను అడిగి, తమ పేరు మీద చందాలు రాబడతారు. ఇక్కడ తలుపు పక్కన ఒక డబ్బా పెట్టి ఊరుకున్నారు, అందులో పడింది చాలామట్టుకు చిల్లరే. మన ఊళ్లో గుండు కనబడితే సింహాచలం వెళ్లారా అనో, ఇంట్లో ఎవరైనా పోయారా అనో ఎవరో ఒకరు అడగక మానరు. చందా అడగడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. చేతికివ్వడానికి ఒక కరపత్రమైనా వేయించి ఉండవలసింది.

కరపత్రం మాట అటుంచితే, గోడ మీద అంటించిన కాగితంలో పరిశోధనకు అని ఉంది, డబ్బా దగ్గరి కుర్రాళ్లు మాత్రం వైద్య ఖర్చులకు అన్నారు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం లోపే బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది గనుక, మన దగ్గర వైద్య ఖర్చులకు ఇవ్వడాన్ని నేను తక్కువ చేయను. అయితే దేనికోసం అడుగుతున్నారో దానికే వాడాలి. రసీదు అడిగితే నోటు పుస్తకంలో పేరు రాసుకున్నారు. పన్ను మినహాయింపు కావాలన్నవారికి ఆ పుస్తకం ఎందుకూ పనికిరాదు. పైగా రెండు వేల రూపాయలు దాటిన విరాళాన్ని నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదన్న సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు.

సెలూను వారు ఆ రోజు కూలి ఒక్క పైసా తీసుకోలేదు. మామూలు గుండుకైనా ఆ షాపునే సిఫారసు చేస్తాను, మంగళవారం మాత్రం మూసి ఉంటుంది. చందా నిర్వాహకులకు వచ్చే సెప్టెంబరులో నా డబ్బు కావాలంటే, అది చేరే సంస్థ పేరు గోడ మీద, అచ్చు రసీదు పుస్తకం బల్ల మీద ఉండాలి.