జిమ్నీకి 40 ఎంఎం లిఫ్ట్ కిట్: స్ప్రింగులకు మంచి మార్కులే, పెట్టెలో లేనివాటితోనే తంటా

మారుతి జిమ్నీకి దొరికే 40, 50 ఎంఎం లిఫ్ట్ కిట్లు (బండిని అంత ఎత్తు లేపే సామాను) ఏ బ్రాండువైనా దాదాపు ఒకే మూసలో ఉంటాయి. నాలుగు కాయిల్ స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, కొన్నింట్లో బ్రేక్ హోసుల కోసం చిన్న బ్రాకెట్లు, అద్దానికి అంటించుకోవడానికి ఓ స్టిక్కరు. తలకోన అడవి దారికి, భాకరాపేట చుట్టుపక్కల తోటల బాటలకు ఇవి పనికొచ్చే సరుకే. నలుగురు కూర్చుని, వెనక సామాను ఎక్కించినా బండి కుంగిపోదు. గుంతలో దిగినప్పుడు షాక్ అడుగంటి దబ్బుమనే చప్పుడూ తగ్గుతుంది.

కొనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉన్న బండి ఇది. స్ప్రింగు మారిస్తే లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. యాక్సిల్ మధ్యలో వేలాడే, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ (డిఫ్) గుండు అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది టైరొక్కటే. కంపెనీ సైజు 195/80 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 693 ఎంఎం, చాలామంది వేసుకునే 215/75 ఆర్15ది 703 చిల్లర. అంటే కింద కలిసొచ్చేది 5 ఎంఎం. రాళ్లకు డిఫ్ తగులుతోందని కిట్ కొంటే డబ్బు దండగ.

ఇక అసలు గొడవ. కిట్ బిగించాక ఊళ్లో అంతా బాగానే ఉంటుంది. చిత్తూరు హైవే ఎక్కి 70 దాటాక, వంతెన జాయింటు మీద ముందు చక్రాలు పడగానే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. వేగం బాగా తగ్గితే తప్ప ఆగదు. బండిని షాపుకు తీసుకెళితే ఎక్కువగా వినిపించే మాట, 'స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) మార్చేద్దాం సార్' అని. ఆ మాటకు మాత్రం తల ఊపొద్దు. కొత్త గట్టి డ్యాంపర్ వేస్తే వణుకు కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది, లోపల లూజయిన జాయింటు మాత్రం అరుగుతూనే ఉంటుంది. డ్యాంపర్ చివర్న చూడాల్సిన సామాను.

ముందు వణుకు ఏ రకమో తేల్చుకోవాలి. ఒకే వేగం దగ్గర, ఉదాహరణకు 80-90 మధ్య, సన్నగా చేతికి తెలిసి ఆ పైన తగ్గిపోతే అది టైరు బ్యాలెన్సింగ్. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కు వంపు. గతుకు తగిలాక మొదలై, వేగం తగ్గించేదాకా వదలకపోతే కాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిందనో, ఎక్కడో జాయింటు లూజనో అర్థం. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాకపోతే, బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలుతుంటే అనుమానం నేరుగా కాస్టర్ మీదికే పోవాలి. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసినప్పుడే కాళ్ల కింద నేల వణికితే దానికీ స్టీరింగ్‌కూ సంబంధం లేదు, ముందు యాక్సిల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చూడాలి.

ఖర్చు తక్కువదాంతో మొదలుపెట్టాలి కాబట్టి ముందు బ్యాలెన్సింగ్. జిమ్నీ చక్రం మధ్య రంధ్రం సుమారు 108 ఎంఎం. హ్యాచ్‌బ్యాక్‌లే ఎక్కువగా వచ్చే షాపుల్లో చక్రాన్ని మెషీను మధ్యకు పట్టే అంత పెద్ద కోన్ ఉండదు. చిన్న కోన్‌తో ఎలాగో బిగించి తిప్పితే మెషీను సున్నా చూపిస్తుంది, చక్రం మాత్రం బండి మీద ఎగిరెగిరి పడుతుంది. చక్రం విప్పకముందే 'పెద్ద కోన్ ఉందా అన్నా' అని అడగండి, లేదంటే అక్కణ్ణుంచి కదిలిపోండి. బయట కొన్న అల్లాయ్‌ల రంధ్రం హబ్ కన్నా పెద్దదైతే మధ్యలో రింగులు వేయించాలి. గాలి డోరు దగ్గర స్టిక్కరు మీదున్నంతే. అంతకన్నా ఎక్కువ కొట్టిస్తే వణుకు ముదురుతుంది.

బ్యాలెన్సింగ్ అయినా తగ్గలేదంటే జాయింట్లు. బండి నేల మీదే ఉండాలి, జాక్ ఎక్కించొద్దు. ఇంజిన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ చకచకా ఆడించాలి, ఇంకొకరు కింద దూరి ఒక్కో జాయింటు మీద చెయ్యేసి చూడాలి. మొదట చూడాల్సింది పాన్‌హార్డ్ రాడ్, అంటే యాక్సిల్ పక్కకు జరక్కుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే అడ్డ రాడ్డు. దాని బోల్టు బ్రాకెట్లో వెంట్రుకవాసి కదిలినా వణుకు పుట్టించడానికి అది చాలు. రంధ్రం కోలగా సాగిపోయి ఉంటే బోల్టు ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్ బాగు చేయాల్సిందే. తర్వాత టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపేది) ఎండ్లు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు పోయేది) ఎండ్లు, స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు బిగిసిన బోల్టులు.

ఆ తర్వాత చక్రం జాక్ మీద లేపి పైనా కిందా పట్టుకుని కుదపాలి. ఆట కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు) బేరింగు. కింగ్ పిన్ లూజు ఈ బండిలో తరచూ మరిచిపోయే చోటు. టై రాడ్ విప్పేసి నకుల్‌కు (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే భాగానికి) స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే, అది కదలడానికి ఎంత బలం పడుతుందో తెలుస్తుంది. సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన అంకె కన్నా తక్కువుంటే షిమ్ (మధ్యలో పెట్టే పలుచని రేకు) తగ్గించి బిగింపు పెంచాలి.

ఇప్పుడు పెట్టెలో లేని వస్తువు దగ్గరికొద్దాం. జిమ్నీ ముందు యాక్సిల్‌ను రెండు లీడింగ్ ఆర్ములు మోస్తాయి. ఆర్ము వెనక కొస ఛాసిస్‌కు, ముందు కొస రెండు బోల్టులతో యాక్సిల్‌కు. బాడీ లేస్తే ఆర్ము ముందుకు వాలుతుంది, దాంతో యాక్సిల్ మొత్తం తిరిగి కింగ్ పిన్ పైకొస ముందుకొస్తుంది. కాస్టర్ తగ్గడమంటే ఇదే. ఉదాహరణకు ఆర్ము 600 ఎంఎం అనుకుంటే 40 ఎంఎం లిఫ్ట్‌కు తిరిగేది నాలుగు డిగ్రీలకు కాస్త తక్కువ. కాస్టర్‌కు అది చిన్న అంకె కాదు. దీన్ని సరిదిద్దే ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం మధ్యలో కాక పక్కకు ఉండేవి) కొన్ని కిట్లలోనే వస్తాయి, మిగతావాటికి విడిగా కొనాలి. విడిగా కొనాల్సి వచ్చినా సరే, అవి లేకుండా బిగించొద్దు. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపులోనే పాతవి తీసి కొత్తవి ఎక్కించాలి. సుత్తితో కొడితే ఆర్ములో బుష్ కూర్చునే రంధ్రం పాడవుతుంది. బుష్ మీద బాణం గుర్తు ఉంటే దాని ప్రకారమే పెట్టాలి. బుష్‌ను తలకిందులుగా పెడితే కాస్టర్ పెరగడానికి బదులు ఇంకా తగ్గుతుంది. అలాగని మరీ ఎక్కువ దిద్దినా చిక్కే. పినియన్ (డిఫ్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే గేరు) కిందికి వంగి, ఇందాక చెప్పిన ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకు మొదలవుతుంది.

రెండో లోటు అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్. రాడ్ పొడవు అదే ఉండి బండి లేస్తే యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. రెండు వైపులా ఛాసిస్ నుంచి రిమ్ము దాకా టేపుతో కొలిస్తే తేడా దొరుకుతుంది. కొద్ది మిల్లీమీటర్లయితే వదిలేయొచ్చు, అర అంగుళం వస్తే రాడ్ మార్చాలి.

అలైన్‌మెంట్ షాపులో గొడవపడక తప్పని సంగతి ఒకటుంది. లిఫ్ట్ తర్వాత బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ వీల్ వంకరగా ఉంటుంది. కొందరు వీల్ ఊడదీసి పళ్లు మార్చి తిన్నగా పెట్టిస్తారు. అలా చేయనివ్వొద్దు. లోపల స్టీరింగ్ బాక్స్ సెంటర్ తప్పే ఉంటుంది, ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) సెన్సారుకూ తప్పు కోణమే అందుతుంది. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయాల్సింది టై రాడ్‌తో, స్టీరింగ్ వీల్ నిటారు చేయాల్సింది డ్రాగ్ లింక్‌తో. రిజిడ్ యాక్సిల్‌లో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) తిప్పడానికి ఏమీ ఉండదు, దానికి డబ్బులడిగితే ఇవ్వకండి. లిఫ్ట్‌కు ముందే ఒక అలైన్‌మెంట్ ప్రింటు తీయించి పెట్టుకుంటే, తర్వాత ప్రింటులో కాస్టర్ ఎంత పోయిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

థార్ ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. 2020 థార్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అక్కడ బాల్ జాయింట్లు, పై ఆర్ముల కోణాలు చూడాలి. పాత జిప్సీకి పట్టీ స్ప్రింగులు కాబట్టి కాస్టర్‌ను ఏటవాలు షిమ్‌లతో దిద్దుతారు.

కిట్ విషయానికొస్తే, ఆఫ్‌సెట్ బుష్‌లతో కలిపి వచ్చే 40 ఎంఎం కొనొచ్చు. 50కి పోతే పాన్‌హార్డ్ రాడ్ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి. వారంటీ గురించి షోరూములో అడిగి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించి ఏం చెబుతుందో కూడా చూసుకున్నాకే డబ్బు కట్టండి.

బిగించేటప్పుడు రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టూ బండి నాలుగు చక్రాల మీద నేలకు దిగాకే ఫైనల్‌గా టార్క్ చేయాలి (నిర్ణీత బలానికి బిగించాలి). గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో అన్నీ మరోసారి చూడాలి, పాన్‌హార్డ్ బోల్టులతో మొదలుపెట్టి. టెస్టుకు మొగిలి ఘాట్ వైపు పోవద్దు. పొద్దున్నే ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు చాలు.