తొమ్మిది క్లాసుల కంటే ఆ రెండో ఇంటి విజిట్టే పనికొచ్చింది

ఆటిజం ఉన్న, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలతో ఇంట్లో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు నేర్పడానికి డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) తయారుచేసిందే కేర్‌గివర్ ట్రైనింగ్. అందులో తొమ్మిది గ్రూప్ క్లాసులు, మూడు ఇంటి విజిట్లు ఉంటాయి. నేను దేవరకొండలో చేసి ఏడాదిన్నరైంది. క్లాసులు పర్వాలేదు, అందరి ముందు పిల్లాడిలా నటించమంటే మాత్రం సిగ్గుతో చచ్చాను.

అసలు సంగతి రెండో విజిట్‌లో జరిగింది. ట్రైనింగ్ ఇచ్చే మేడం వచ్చేసరికి నేను పల్లికాయలు ఒలుస్తున్నాను, మావాడు (అప్పుడు నాలుగేళ్లు) ఒక్కో గింజా స్టీలు చెంబులో వేసి ఆ చప్పుడు వింటున్నాడు. నేను అలవాటుగా ఇదేంటి కన్నా, ఏ రంగు, అమ్మకిస్తవా అని మొదలుపెట్టాను. ఆమె కాసేపు చూసి, "వాడు జవాబు చెప్పే సందు ఎక్కడిచ్చినవ్ అక్కా? నోరు మూసుకొని వాడు చేసేదే నువ్వూ చెయ్" అంది. కోపమొచ్చింది, నిజం చెప్పాలంటే. అయినా ఎదురుగా కూర్చొని నేనూ ఒక గింజ వేశాను, వాడొకటి, నేనొకటి. తర్వాత ఆమె సైగ చేస్తే గింజ చెంబు మీద పట్టుకొని ఆగాను. మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టి ఉంటాను, వాడు తలెత్తి నా ముఖంలోకి చూసి "వె" అన్నాడు. వెయ్ అని! అది విని మా అత్తమ్మ పొయ్యి మీద పాలు పొంగించేసింది.

ఆ ఊపులో మా చెల్లికి ‘ఇది ఉంటే స్పీచ్ థెరపీ దండగ’ అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. ఇప్పుడు ఆ మాట అనను. ‘వె’ దగ్గరే ఆరు నెలలు ఆగిపోయాడు, ఇప్పుడు పదిహేను రోజులకోసారి థెరపీకి హైదరాబాద్ బస్సెక్కుతున్నాం. ఆ బస్సులో వాడు గోల పెడితే క్లాసులో చెప్పిన చిట్కాలేవీ పనిచేయవు, అడుగుదామంటే మూడు విజిట్లూ అయిపోయాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

ఇలా తల్లిదండ్రులకు నేర్పడం ఉత్త కబురేం కాదు. వేరే ప్రోగ్రామే గానీ, గోవాలో, పాకిస్తాన్ రావల్పిండిలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలతో ఇలాగే నేర్పించి చూస్తే పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగిందని 2016లో ఫలితాలొచ్చాయి. మావాడిది ట్రైనింగ్ మహిమో, వయసు మహిమో మరి.

నాకు అత్తమ్మ తోడుంది కాబట్టి కుదిరింది. మా బ్యాచ్‌లో కూలికి పోయే నలుగురు పత్తి ఏరుడు మొదలవగానే మానేశారు. మీదీ అదే పరిస్థితైతే క్లాసులు ఏ నెలల్లో పెడతారో ముందే అడిగి చేరండి.