లివర్ క్యాన్సర్‌లో ఏది మేలు: మిర్-21ని ఆపడమా, మిర్-122ని మళ్ళీ ఎక్కించడమా?

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకి బయోటెక్నాలజీ చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు, అరగంట వాదన నడుస్తుంది. నా ఓటు 122కే, ఎందుకో చెప్తా.

మిర్ అంటే మైక్రోఆర్ఎన్ఏ, పక్కనున్న అంకె దాని గుర్తు. ఇది సుమారు 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్క. ప్రొటీన్ తయారీకి జన్యువు సందేశం మోసుకెళ్ళే మెసెంజర్ ఆర్ఎన్ఏకి అతుక్కుని ఆ తయారీని తగ్గిస్తుంది. ఒక్క ముక్కే వందల జన్యువుల మీద పనిచేయగలదు, దీని బలమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

మిర్-21 లివర్ గడ్డల్లో చాలావాటిలో విపరీతంగా పెరుగుతుంది. కణం అతిగా పెరగకుండా పట్టి ఉంచే పీటెన్ అనే ప్రొటీన్‌ని అణిచేస్తుంది, దాంతో చావాల్సిన కణాలు చావకుండా విభజన చెందుతూ పోతాయి. దీన్ని ఆపే మందు తయారీ కాస్త సులువే. మిర్-21కి అతుక్కునే ఒంటిపోగు ముక్కని రసాయనికంగా గట్టిపరిచి ఇంజెక్షన్ ఇస్తే లివర్‌కి బాగానే చేరుతుంది. కానీ గడ్డకి 21 ఒక్కటే దిక్కు కాదు, మిర్-221 లాంటివీ ఉన్నాయి. ఒకదాన్ని ఆపితే ఇంకోటి పని కానిచ్చేస్తుంది.

122 కథ వేరు. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లోని మైక్రోఆర్ఎన్ఏల్లో దాదాపు 70 శాతం ఇదే. క్యాన్సర్ వచ్చిన చాలామందిలో ఇది పడిపోతుంది. 2012లో ఎలుకల్లో ఈ జన్యువుని తీసేసి చూస్తే ముందు లివర్‌కి కొవ్వు పట్టింది, తర్వాత వాపు, మచ్చలు, చివరికి గడ్డలు. మన రోగుల్లో చాలామంది నడిచే దారి కూడా దాదాపు ఇదే! అందుకే 122 తిరిగి ఇవ్వడమంటే కలుపు పీకడం కాదు, చేను చచ్చిన చోట మళ్ళీ నారు వేయడం. విచిత్రమేమంటే హెపటైటిస్-సి వైరస్ బతకడానికి వాడుకునేది కూడా ఈ 122నే, 122ని అడ్డుకునే మిరావిర్సెన్ మందు ఇస్తే రోగుల్లో వైరస్ తగ్గిందని 2013లో తేలింది.

మరి చిక్కెక్కడ? ఎక్కించడంలో. ఎంఆర్ఎక్స్34 అనే మందుగా, మిర్-34ఏ అనే ఇంకో మైక్రోఆర్ఎన్ఏ నకలుని కొవ్వు బుడగల్లో పెట్టి 2013లో మనుషుల మీద పరీక్ష మొదలుపెట్టారు, లివర్ క్యాన్సర్ వాళ్ళూ అందులో ఉన్నారు. కొద్దిమందిలో గడ్డ తగ్గింది కూడా. కానీ రోగనిరోధక వ్యవస్థ తిరగబడి కొందరు చనిపోయారు, 2016లో ఆపేశారు. నకలు ముక్కకి రెండు పోగులుంటాయి, అలాంటివాటిని చూస్తే మన ఒంటికి వైరస్ వచ్చిందన్న అనుమానం రావచ్చు.

కావలిలో మా బావమరిదికి హెపటైటిస్-బి ఉంది, "బావా, ఆ ఇంజెక్షన్ యాడ దొరుకుద్ది?" అని టెన్షన్ పడుతుంటాడు. ఇంకా యాడా దొరకదబ్బా, డాక్టర్ చెప్పినట్టు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష తప్పించుకోకు, రాసిచ్చిన మాత్ర సొంతంగా మానొద్దు అన్నాను.

ఈరోజు మందుగా మలచడానికి 21ని ఆపడమే సులువు, ఒప్పుకుంటాను. కానీ ఇమ్యూనిటీని రెచ్చగొట్టకుండా కణం లోపలికి చేర్చే తొడుగు దొరికిన రోజున నేను 122నే ఎంచుకుంటాను.