ఇథాకాలో మోటెల్ దోపిడీ, ఎజ్రా కార్నెల్ చలవ

నయాగరా దాకా అంతా సాఫీగానే సాగింది. దెబ్బ పడింది న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా ఊళ్లో.

అక్కడి కార్నెల్ యూనివర్సిటీలో మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కని మే నెలలో వెళ్లాం. మామూలు రోజుల్లో 90 డాలర్లకు దొరికే మోటెల్ గది ఆ వారాంతానికి 410. పైగా మూడు రాత్రులకూ కట్టి తీరాలట. పన్ను కాకుండానే 1,230! రూపాయల్లోకి మార్చుకోవద్దని అమ్మాయి మొత్తుకుంటున్నా మా ఆయన మార్చుకుని, మంచం మీద కూలబడ్డారు. అది కిర్రుమంది. ఏసీ కింద బకెట్, దుప్పటికి సిగరెట్ కాలిన చిల్లు. ఉచిత టిఫిన్ అంటే చల్లారిన వాఫిల్. ఎనిమిదింటికే పాలు అయిపోయాయి. అడిగితే, ఫోనులోంచి తలెత్తకుండా "రేపు తొందరగా రండి" అన్నాడు కౌంటర్లో మనిషి.

ఊరు మాత్రం నచ్చింది, అదీ ఆ యూనివర్సిటీ పెట్టిన ఎజ్రా కార్నెల్ వల్లే. 1828లో వడ్రంగి పని వెతుక్కుంటూ వచ్చాడు. ఫాల్ క్రీక్ అనే వాగు నీళ్లు మిల్లుకు మళ్లించడానికి కొండరాతిలో సొరంగం తొలిపించాడు. మోర్స్ టెలిగ్రాఫ్ తీగను భూమిలో వేయడానికి నాగలి తయారుచేసిందీ ఈయనే. పాతిన తీగ పనిచేయదని తేలాక, పత్రికలవాళ్లు పసిగట్టకుండా పని ఆపాలి కదా! నాగలిని కావాలనే రాతికి కొట్టించి విరగ్గొట్టేశాడు. ఆ తర్వాత తీగను స్తంభాలెక్కించారు. 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు కబురు వెళ్లింది. వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాఫ్ కంపెనీ షేర్లు ఆయన్ని శ్రీమంతుణ్ని చేశాయి.

న్యూయార్క్ అసెంబ్లీకీ, తర్వాత సెనేట్‌కూ వెళ్లాడు. యూనివర్సిటీకి తన పొలం, 5 లక్షల డాలర్లు ఇస్తానన్నా, 1865లో బిల్లు గట్టెక్కాలంటే వేరే కాలేజీకి 25 వేలు కట్టాలని సభ్యులు మెలిక పెట్టారు. కట్టాడు పాపం! ఇది చెబితే "మన మోటెల్‌వాడు ఆ సభ్యుల మునిమనవడై ఉంటాడు" అంటూ మా ఆయన ఆ ఊళ్లో మొదటిసారి నవ్వారు.

క్యాంపస్‌లో ఆర్ట్స్ క్వాడ్ అనే పచ్చిక మైదానంలో కార్నెల్ విగ్రహం, సేజ్ చాపెల్ అనే ప్రార్థనామందిరంలో ఆయన సమాధి తప్పక చూడండి. ఇథాకా ఫాల్స్ జలపాతానికి టికెట్టే లేదు. క్యాంపస్‌లోని గడియారం టవర్‌కు 161 మెట్లు. మోకాళ్లు సహకరించకపోతే గంటలు కిందినుంచే వినొచ్చు. గ్రాడ్యుయేషన్‌కు వెళ్లేవాళ్లు మాత్రం సైరక్యూస్‌లో గది తీసుకుని కారులో రండి, గంట పైచిలుకు దారి. ఇథాకాలోనే ఉంటామంటారా, పాలు కొనుక్కుని వెళ్లండి.