మా ఊళ్లో పడుకునే బస్సు: ఆరేళ్లు ఎక్కాక నా మాట

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో రాత్రి 8:10కి బయల్దేరే మా ఊరి పల్లెవెలుగు గురించి రాస్తున్నాను. 2019 జూన్ నుంచి ఎక్కుతున్నాను. సీట్ల గురించీ కుదుపుల గురించీ రాయను, పల్లెవెలుగు ఎక్కని మనిషి ఈ జిల్లాలో ఉండరు. చెప్పాల్సిన సంగతి ఒకటే. ఈ బస్సు రాత్రికి డిపోకి తిరిగి వెళ్లదు. మా ఊళ్లోనే, రామాలయం ఎదురుగా చింతచెట్టు కింద పడుకుంటుంది. తెల్లారి 5:40కి అక్కణ్నుంచే లేచి టౌనుకి బయల్దేరుతుంది. డిపో వాళ్లు దీన్ని నైటౌట్ సర్వీసు అంటారు. మేం ఊరి బస్సు అంటాం. పగలు వచ్చిపోయేవన్నీ మాకు లైను బస్సులే.

మా ఊరు ఆమదాలవలస రోడ్డు మీద రాగోలు దాటాక మలుపు తిరిగి లోపలికి నాలుగు కిలోమీటర్లు. కాంప్లెక్సు నుంచి మొత్తం 14. నేను టౌన్లో ఒక స్కానింగ్ సెంటర్లో కౌంటరు చూస్తాను. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం సాయంత్రం షిఫ్టు. పొద్దుట 7కల్లా కౌంటరు తెరవాలి. సాయంత్రం షిఫ్టు దిగేసరికి 7:30. పగటి పూట ఎన్ని బస్సులు తిరిగినా నాకు పనికొచ్చేవి మొదటిదీ ఆఖరిదీ. ఆ రెండూ ఒకే బండి.

పొద్దుట 5:40 బస్సు చూస్తే ఊరు ఎలా బతుకుతోందో తెలిసిపోతుంది. ముందు గంపలు ఎక్కుతాయి, ఆ తర్వాతే మనుషులు. వంకాయలు, ఆనపకాయలు, తోటకూర కట్టలు, అన్నీ పొట్టి శ్రీరాములు మార్కెట్‌కి. వెనక సీట్లలో తాపీ పనివాళ్లు, టిఫిన్ క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని. వారానికి రెండుసార్లు రిమ్స్ ఆసుపత్రికి వెళ్లే ఒక పెద్దాయన, ఆయన పక్కన కూతురు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీకి వెళ్లే పిల్లలు ఇద్దరు, కాంప్లెక్సులో బస్సు మారాలి కాబట్టి ఈ బండి తప్పితే వాళ్లకి మొదటి క్లాసు పోయినట్టే.

పొద్దున్న జనం ఊళ్ల నుంచి టౌనుకి వస్తారు. బళ్లేమో రాత్రంతా టౌన్లో డిపోలో ఉంటాయి. ఇదే మా కష్టమంతా. డిపోలో పడుకున్న బండి మమ్మల్ని ఎక్కించుకోవాలంటే తెల్లవారుజామున 14 కిలోమీటర్లు ఖాళీగా రావాలి. రాత్రి మమ్మల్ని దింపాక మళ్లీ 14 కిలోమీటర్లు ఖాళీగా పోవాలి. రోజుకి 28 కిలోమీటర్ల డీజిలు, టికెట్టు కొట్టే మనిషి లేకుండా. దాన్ని డెడ్ మైలేజీ అంటారని నాకు ఒక కండక్టరే చెప్పాడు. బస్సు ఊళ్లో పడుకుంటే ఆ ఖాళీ తిరుగుడు ఉండదు, మాకు చీకటితో బయల్దేరే బస్సూ దొరుకుతుంది. ఇంత చిన్న ఏర్పాటు ఊరికి ఇంత మేలు చేస్తుందని దాన్ని పోగొట్టుకున్నాకే తెలిసింది నాకు.

2022 కార్తీకమాసంలో పోయింది. ఒక రాత్రి దిగుతుంటే కండక్టరు, "రేపట్నుంచి ఈ బండి వెనక్కెల్లిపోతాదమ్మా, ఊళ్లో ఉండదు" అన్నాడు. మర్నాడు కాంప్లెక్సులో అడిగితే 8:10 తీసేశారు, ఇక 6:30దే ఆఖరి ట్రిప్పు అన్నారు. ఊరి నుంచి మొదటి బస్సు 7:05కి. నా షిఫ్టులు రెండూ ఒక్క దెబ్బతో చేజారాయి.

ఆ నాలుగు నెలలు మర్చిపోలేను. సాయంత్రం షిఫ్టు వారాల్లో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నిలబడి సర్వీసు ఆటో కోసం చూసేదాన్ని. ఆటో నిండితే గానీ కదలదు. కదిలినా మలుపు దాకానే, లోపలికి రానంటారు. అక్కణ్నుంచి నాలుగు కిలోమీటర్లు ఇటూ అటూ చెరుకు తోటలు, దీపం లేని రోడ్డు. మా మరిది బండి వేసుకుని వచ్చేవాడు పాపం, అతనికీ పొద్దుట పనికి పోవాలి. ఒక రాత్రి వాన పట్టుకుంటే మలుపు దగ్గర మూసేసిన పాన్‌షాపు రేకు కింద గంటన్నర నిలబడ్డాను. ఆ రాత్రే ఉద్యోగం మానేద్దామనుకున్నాను. పొద్దుటి షిఫ్టు వారాల్లో మా సెంటర్లో ఇంకో అమ్మాయి నా బదులు తెరిచేది. ఆమె మంచితనం మీద ఎన్నాళ్లని ఆధారపడతాను?

గంపల వాళ్లు అందరూ కలిసి ఒక ఏస్ బండి మాట్లాడుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి, గంపకింతని. తోటకూర అమ్మే ఆమె రెండో నెలలో మార్కెట్‌కి పోవడం మానేసి ఊళ్లోకొచ్చే దళారికే ఇచ్చేసింది. "గంప కిరాయి పోతే నాకేటి మిగుల్తాదప్పా?" అంది.

ఆ నెలల్లో ఇంకో సంగతి కూడా చూశాను. సాయంత్రం 6:30 బస్సు ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆఖరి బస్సు తీసేశాక అందులోనూ జనం తగ్గారు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు, నేనే కారణం. ఇదివరకు తొందరగా పని అయితే 6:30కి ఎక్కేదాన్ని, ఆలస్యమైతే 8:10 ఉందన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యం పోయాక 6:30 తప్పితే ఇక ఏమీ లేదు. అందుకని పొద్దుటి షిఫ్టు వారాల్లో మరిది బండి మీద వెళ్లి, సాయంత్రమూ దాని మీదే వచ్చేదాన్ని. ఆఖరి బస్సులో తొమ్మిది మందే ఉన్నారని లెక్క రాసుకోవచ్చు. అంతకుముందు బస్సుల్లో ఎక్కిన ఎంతమందికి అది భరోసాగా ఉందో ఆ లెక్కలో కనబడదు. డిపో వాళ్లు చూసే ఓ.ఆర్. అంటే సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. అది ట్రిప్పు ట్రిప్పుకీ విడిగా చూస్తే ఆఖరి బస్సు ఎప్పుడూ దండగలాగే కనిపిస్తుంది.

కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్సుకి రెండుసార్లు వెళ్లాం. ఓ.ఆర్. తక్కువ అన్నారు. సరే అదే కారణమనుకుని రెండు నెలల పాటు నోటు పుస్తకాలు పట్టుకుని ఎవరు ఏ బస్సు ఎక్కుతారో రాశాం. మా ఆడపడుచు కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు, చక్కగా పట్టిక కూడా వేశాడు. అంత కష్టమూ పక్కదారి పట్టిందని ఒక మధ్యాహ్నం తెలిసింది.

సెలవు పెట్టిన రోజు లైను బస్సులో వస్తున్నాను. నైటౌట్ చేసిన పాత కండక్టరే, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. బస్సు ఖాళీగా ఉంది. పట్టిక సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఓ.ఆర్. తర్వాతమ్మా. ముందు మేం ఎక్కడ పడుకోవాలి?" అన్నాడు.

మూడేళ్లు ఆ బస్సెక్కాను. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఇదివరకు డ్రైవరూ కండక్టరూ రామాలయం పక్కన ఒక రిటైర్డు మాష్టారి అరుగు మీద పడుకునేవారట. మాష్టారు పోయారు, పిల్లలు ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్లు గేటు పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఇద్దరూ బస్సు సీట్ల మీదే. దోమలు, చలి, పొద్దుటే బాటిలు పట్టుకుని చెరువు గట్టుకి. స్కూల్లో మరుగుదొడ్లున్నాయి కానీ రాత్రి తాళం. నిద్ర లేని మనిషి తెల్లవారుజామున చీకట్లో బస్సు నడపాలి, అందులో మేం ఎక్కాలి. నైటౌట్ డ్యూటీ పడితే చాలు, ఎవరికి వాళ్లు సెలవు పెట్టేయడం, డ్యూటీ మార్చుకోవడం. డ్యూటీకి మనుషులు దొరక్కపోతే డిపోకి సులువైన దారి ఒకటే కదా, బండిని వెనక్కి రప్పించుకోవడం. బండి డిపోలోనే ఉంటే డీజిలు కొట్టడం, బ్రేకులు చూడటం రాత్రే అయిపోతుంది. మా ఊళ్లో ఉంటే ఆ పనికి మధ్యాహ్నం బండిని విడిగా ఆపాలి. అటు నుంచి చూస్తే వాళ్లదీ న్యాయమే.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక మా ఊళ్లో పాత పంచాయతీ ఆఫీసు గది మూతపడింది. లోపల విరిగిన కుర్చీలు, పాత కాగితాల మూటలు. ఆ గది బస్సు వాళ్లకి పడుకోవడానికి ఇద్దామని మా పొదుపు సంఘం మీటింగులో నేనే లేచి చెప్పాను. మొదట ఎవరికీ నచ్చలేదు. "ఆళ్లకి డిపో ఇవ్వాల గానీ మనమేటి ఇచ్చేది?" అంది మా సంఘం లీడరమ్మ. అది సరైన మాటే. అయినా గంపల వాళ్లు ముందుకొచ్చారు, గంపకి ఎంత పోతోందో వాళ్లకే బాగా తెలుసు. సున్నం వేశాం. రెండు మంచాలు, ఫ్యాను, దోమతెరలు. మరుగుదొడ్డి తలుపు మార్చి, ట్యాంకు నుంచి పైపు లాగించాం. చందాలు ఇంటింటికీ తిరిగి పోగుచేశాం. సర్పంచి గారు గది ఫోటోలతో ఉత్తరం రాసి డిపోకి తీసుకెళ్లారు. నోటు పుస్తకాల పట్టిక కూడా జత చేశారు కానీ అక్కడ దాన్ని చూసినట్టు లేదు.

2023 మార్చిలో ఒక బుధవారం బస్సు మళ్లీ చింతచెట్టు కింద ఆగింది. ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. పిల్లలు పరుగెత్తుకొచ్చి బస్సు చుట్టూ తిరిగారు. పాత కండక్టరు గది చూసి ఏమీ అనలేదు, ఫ్యాను స్విచ్చి రెండుసార్లు వేసి ఆర్పాడు. అప్పట్నుంచి వీధివీధికీ వంతులేసుకుని రాత్రి కూర పంపుతున్నాం. మా వంతు రోజు పనసపొట్టు కూర చేస్తే గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇదివరకు ఎవరడిగినా, మా బస్సు తప్పదు అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్తున్నాను. రథసప్తమికి అరసవల్లికి స్పెషల్ బస్సులు నడపాల్సి వస్తే మొదట పోయేది మా లాంటి ట్రిప్పులే. రెండేళ్లు అలా జరిగింది, ముందుగా చెప్పలేదు. 8:10 అన్నది ఒక్కోసారి 8:35 అవుతుంది. ఆలస్యం కంటే, ఎంత ఆలస్యమో తెలియకపోవడం ఎక్కువ బాధ. మనుషులు మారితే కొత్త డ్రైవరుకి ఎక్కడ ఎవరు చెయ్యెత్తుతారో తెలియదు, చీకట్లో దాటిపోతాడు. గంపలామె ఒకరు ఇప్పుడు టార్చి లైటు పట్టుకుని నిలబడుతోంది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగులో ఆడవాళ్లకి చార్జీ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు కొట్టి ఇస్తారు. నాకు నెలకి మిగిలేది తక్కువేమీ కాదు. మా అత్తగారు, కాళ్లనొప్పులకి టౌన్లో చూపించుకోమంటే చార్జీలు దండగ అనే మనిషి, ఇప్పుడు తనే ఆధార్ కార్డు చెంగున ముడేసుకుని బయల్దేరుతోంది. సంతోషం. కానీ బస్సు మాత్రం అదే ఒక్కటి. 8:10కి కాంప్లెక్సులోనే నిండిపోతోంది, షిఫ్టంతా నిలబడ్డాక మళ్లీ ఇంటిదాకా నిలబడే రావాలి. రాగోలు దగ్గర ఎక్కే మగవాళ్లు మెట్ల మీద వేలాడుతున్నారు. ఆ విషయంలో వాళ్లు విసుక్కుంటే నేను వాళ్లనేమీ అనను.

మా ఊరి తర్వాత మూడు కిలోమీటర్లకి ఇంకో ఊరుంది. అక్కడికి బస్సే లేదు. అక్కడి ఆడవాళ్లకి జీరో టికెట్టుతో పనేముంది, మా చింతచెట్టు దాకా నడిచి రావాలి. తెల్లవారుజామున ఐదింటికి సెల్ ఫోను దీపాలు వరసగా గట్టు మీద కదులుతూ వస్తుంటాయి.

కాబట్టి నా మాటని నా పరిస్థితితో కలిపి తీసుకోండి. మా ఇల్లు చింతచెట్టుకి వంద అడుగులు. నా షిఫ్టు దిగే వేళకీ బస్సు వేళకీ మధ్య నలభై నిమిషాలుంది. కాంప్లెక్సుకి నడిచి వెళ్లేంత దూరంలో పని. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి పగలు నాలుగు ట్రిప్పులు తగ్గించినా సరే ఈ ఒక్క బండి ఊళ్లో పడుకుంటే చాలంటాను. కాలేజీ పిల్లలున్న ఇల్లో, మధ్యాహ్నం ఆసుపత్రికి పోవాల్సిన ముసలివాళ్లున్న ఇల్లో అయితే ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. సొంత బండి ఉన్నవాళ్లకి అసలు అక్కర్లేదు. మీ ఊరికి నైటౌట్ అడగాలనుకుంటే మాత్రం ముందు గదీ మరుగుదొడ్డీ చూసుకుని వెళ్లండి. మేం అది ఆఖర్న చూశాం, నాలుగు నెలలు పోయాయి.

అవతలి ఊరి వాళ్లు ఇప్పుడు బస్సుని వాళ్ల దాకా పొడిగించమని అడుగుతున్నారు. గది వాళ్ల దగ్గరా ఉంది. బస్సు తిప్పుకోవడానికే చోటు లేదు. చెరువు పక్కన ఒక రైతు కల్లం అడిగారు. నూర్పులయ్యాక చెప్తానన్నాడట.