బాబాబుడన్‌గిరి యాత్ర: గుహ దర్శనం, కొండ దారి, బస

కర్ణాటకలోని చిక్కమగళూరు వెళ్లేవాళ్లలో చాలామంది బాబాబుడన్‌గిరిని ఒక పూట పనిగా పెట్టుకుంటారు. పొద్దున ముళ్లయ్యనగిరి శిఖరం, మధ్యాహ్నం బాబాబుడన్‌గిరి గుహ, సాయంత్రం మాణిక్యధార జలధార, రాత్రికి మళ్లీ బెంగళూరు బస్సు. ఆ లెక్కన వెళ్తే వరసలో నిలబడటం, తీర్థం పుచ్చుకోవటం, బయటికి రావటం మాత్రమే మిగులుతాయి. యాత్రగా వెళ్లదలచినవారు కనీసం రెండు రాత్రులు కేటాయించుకోవాలనీ, అందులో ఒక రాత్రి కొండ మీదనే ఉండాలనీ, దర్శనానికి పనిదినం ఉదయాన్ని ఎంచుకోవాలనీ నా అభిప్రాయం. ఈ మూడూ కుదిరితే ఈ కొండ ఇచ్చేది వేరుగా ఉంటుంది.

చిక్కమగళూరు పట్టణానికి ఉత్తరాన అర్ధచంద్రాకారంలో వంగిన చంద్రద్రోణ పర్వతాల్లో 1,895 మీటర్ల ఎత్తున్న శిఖరం బాబాబుడన్‌గిరి. ఆ శిఖరానికి దిగువన ఎర్రటి లాటరైట్ రాతిలో సహజంగా ఏర్పడిన గుహే ఇక్కడి పుణ్యస్థలం. అరేబియా నుంచి వచ్చి ఇక్కడ తపస్సు చేసుకున్న సూఫీ గురువు దాదా హయాత్ మీర్ ఖలందర్ స్థానమని ముస్లింలు, దత్తాత్రేయ స్వామి ఇక్కడి నుంచే అంతర్ధానమై కాశీకి చేరాడని హిందువులు నమ్ముతారు. దాదా హయాత్, దత్తాత్రేయుడు ఒకరేనని నమ్మి రెండు పేర్లతోనూ మొక్కుకునే కుటుంబాలు చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల్లో ఈ ఊరి పేరు ఇనాం దత్తాత్రేయ పీఠం. దేవాదాయ శాఖ పుస్తకాల్లో ఈ క్షేత్రం పేరులో దత్తాత్రేయ, బాబాబుడన్, స్వామి, దర్గా అన్న మాటలన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి బీబీ నాంచారమ్మ పుట్టింటివాళ్లమంటూ ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని రావటం, అమీన్ పీర్ దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వెళ్లటం చూస్తూ పెరిగిన కడప వాళ్లకు ఇందులో కొత్తదనం తోచదు. పిఠాపురం, కురువపురం తిరిగే దత్త భక్తులు మాత్రం ఇక్కడికి వచ్చేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. గోపురమూ ధ్వజస్తంభమూ ఉన్న గుడిని ఊహించుకుని వస్తే నిరాశ పడతారు. ఇది గుహ, దాని ముందు సమాధులున్న ప్రాంగణం, చుట్టూ గాలి, అంతే.

ఈ స్థలం ఎవరిది, సేవ ఎవరు చెయ్యాలి అని దశాబ్దాలుగా నడుస్తున్న వివాదాన్ని యాత్రికుడు కొంతైనా తెలుసుకోవాలి, ఎందుకంటే దర్శనం జరిగే తీరు దాని మీదే ఆధారపడి ఉంది. 1975కు ముందున్న ఆచారాలనే కొనసాగించాలని 1980లో చిక్కమగళూరు జిల్లా కోర్టు చెప్పింది. గుహ లోపలి సేవలు ముజావరు (దర్గా సేవలు చూసే ముస్లిం) చేతనే జరగాలని 2018లో వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వును 2021లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత ప్రభుత్వం ఒక నిర్వహణ కమిటీని వేసింది, 2022 డిసెంబరు దత్తజయంతికి అర్చకులు వచ్చి పూజలు చేశారు. అందువల్ల మీరు వెళ్లిన రోజున లోపల ఎవరు ఉంటారు, ఏ వరసలో సేవ జరుగుతుంది అన్నది ఆనాటి ఆదేశాలను బట్టి ఉంటుంది. ప్రాంగణంలో పోలీసు కాపలా ఉంటుంది, గుహలో ఫోటోలు తీయనివ్వరు. ఈ కట్టుబాట్లు యాత్రికుడికి అడ్డం కావు. అక్కడ నిలబడి కోర్టు విషయాలు వాదించేవాళ్లే పక్కవాళ్ల ప్రార్థనకు అడ్డం అవుతారు.

గుహ దర్శనం గురించి. చెప్పులు బయట వదిలి మెట్లు దిగేసరికి అరికాళ్లకు రాతి చల్లదనం ఒక్కసారిగా తెలుస్తుంది. పైకప్పు తక్కువ ఎత్తులో ఉండటం వల్ల పొడవైనవాళ్లు నడుము వంచి నడవాలి. ఎండాకాలంలోనూ రాయి చెమ్మగానే ఉంటుంది, అక్కడక్కడ నీటిచుక్క మెడ మీద పడుతుంది. లోపల పాదుకలు, దీపం, అగరొత్తుల వాసన. ఎక్కువసేపు నిలబడనివ్వరు గానీ, రద్దీ లేని ఉదయం పూట ఎవరూ తోసెయ్యరు కూడా. నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ తీర్థం రెండు దోసిళ్లా పట్టి, సగం తాగి, మిగిలింది కళ్లకు అద్దుకుని, ఆ తడి చేతినే పక్కనున్న మనవడి తల మీద రాసింది. ఆమె వెనక టోపీ పెట్టుకున్న యువకుడు రెండు అరచేతులూ ఎత్తి దువా చేస్తూ, ఆమె పక్కకు జరిగేదాకా ఓపికగా ఆగాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇది చూడటానికే పనిదినం ఉదయాన్నే వెళ్లమని చెబుతున్నాను. శని ఆదివారాల్లో జనమూ పోలీసుల కేకలూ తప్ప ఇలాంటివి కంటబడవు.

బయట ప్రాంగణంలో పూర్వపు పీఠాధిపతుల సమాధులున్నాయి. ఫాతెహా (సమాధి దగ్గర చదివే ప్రార్థన) ఇప్పించుకునేవాళ్లకు పూలు, చక్కెర, అగరొత్తులు అక్కడి కొట్లలోనే దొరుకుతాయి. సమాధి మీద కప్పే చాదరు సమర్పించాలనుకుంటే మాత్రం కింద పట్టణంలో కొని తీసుకెళ్లటం నయం.

కొండ దారి విషయానికి వస్తే, పట్టణం నుంచి గుహకు సుమారు 30 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి చిక్కమగళూరుకు 245 కిలోమీటర్ల లోపే, హాసన్, బేలూరు మీదుగా మంచి రోడ్డు, రాత్రి బస్సులు పుష్కలం. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లు బెంగళూరు చేరి అక్కడ మారటమే సులువు. రైల్లో రాదలచినవాళ్లకు కడూరు జంక్షను దగ్గర, అక్కడి నుంచి చిక్కమగళూరు 40 కిలోమీటర్లు. పట్టణం నుంచి పైకి బస్సులు ఉన్నా బాగా తక్కువ కాబట్టి వాటిని నమ్ముకుని వెళ్తే రోజంతా వాటి వేళలకే సరిపోతుంది. టాక్సీ మాట్లాడుకోవటమే మేలు. కైమర చెక్‌పోస్టు దాటాక దారి ఇరుకవుతుంది, మలుపులు పెరుగుతాయి, ఒక పక్క లోయ. గిరుల మీదికి వచ్చే వాహనాలకు జిల్లా యంత్రాంగం ఆన్‌లైనులో ముందస్తు నమోదు పెట్టింది, ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. సెలవు రోజులకు అవి త్వరగా నిండిపోతాయి కనుక బయలుదేరే ముందే నమోదు చేసుకోవాలి. ఈ ఏర్పాటు వల్ల కొంత ఇబ్బంది ఉన్నా నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇంత సన్నటి దారిలో వారాంతాల్లో కార్లు కిలోమీటర్ల పొడవున ఆగిపోతుంటే మొక్కు తీర్చుకోవటానికి వచ్చిన ముసలివాళ్లు గంటల తరబడి బండ్లలోనే కూర్చోవలసి వచ్చేది.

మాణిక్యధార గుహకు మరికాస్త దూరంలో, కొండ అవతలి వైపు ఉంటుంది. దారి బాగాలేని చోట్లు ఉన్నందున స్థానికుల జీపుల్లో వెళ్తారు, ఎక్కేముందే రానూ పోనూ ఎంతో, అక్కడ ఎంతసేపు ఆగుతారో తేల్చుకోవాలి. జీపు దిగి మెట్లు దిగితే ఎండాకాలంలోనూ ఎండిపోని సన్నటి ధార. కింద నిలబడి స్నానం చేస్తే రోగాలు పోతాయని నమ్మకం, నీళ్లు ఒంటికి తగలగానే ఊపిరి ఆగినంత చల్లన. అయితే స్నానం చేసినవాళ్లు ఒంటి మీది బట్ట ఒకటి అక్కడే వదిలెయ్యాలన్న ఆచారం ఒకటి పాకింది. దాని ఫలితంగా ధార కింద, రాళ్ల సందుల్లో, పొదల మీద తడిసి నల్లబడిన చీరలు, చొక్కాలు, పిల్లల లాగులు పేరుకుపోయి ఉంటాయి. ఏరి తీసినా మళ్లీ పడతాయి. ఈ నీళ్లు కింది పల్లెలకూ తోటలకూ చేరేవే. భక్తి ఉన్నవాళ్లు ఈ ఒక్క ఆచారాన్ని మానుకోవాలని నా విన్నపం. గుహలో ఎంత శుభ్రంగా, ఒద్దికగా ఉంటారో ఇక్కడా అలాగే ఉండాలి.

గాలికెరె అనే చిన్న చెరువు మాత్రం తప్పక చూడదగ్గది. గుహ దగ్గర్నుంచి నడిచే దారిలో గడ్డి కొండల నడుమ ఉంటుంది, జనం తక్కువ. పేరుకు తగ్గట్టే గాలి నిలబడనివ్వదు.

ఇక బస. మూడు రకాలుగా ఉండవచ్చు. చిక్కమగళూరు పట్టణంలో లాడ్జీలు చవక, అన్ని వేళలా భోజనం దొరుకుతుంది, ఆసుపత్రి దగ్గర. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వచ్చేవాళ్లకు ఇదే సరైనది. లోటల్లా ఒకటే, ఉదయం ఆరింటికి బయలుదేరినా మంచు విడకముందు పైకి చేరటం కష్టం. రెండోది కైమర చుట్టుపక్కల, మల్లందూరు దారిలోని కాఫీ తోటల హోంస్టేలు. తలకి భోజనంతో కలిపి రెండు వేల పైచిలుకు అడుగుతారు. ఆతిథ్యం సాధారణంగా బాగుంటుంది, అక్కి రొట్టె, కడుబు, కోడి పులుసు ఇంటి వంటలా పెడతారు. అయితే అన్నీ ఒకలా ఉండవు. నేను దిగిన ఒకచోట బొమ్మల్లో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. వేడినీళ్లకు, చలిమంటకు విడిగా డబ్బు కట్టమన్నారు, అడిగితే అది ముందే చెప్పామన్నారు. అందుచేత వేడినీళ్లు, మంట, వాహనం నిలిపే చోటు, చివరి మట్టి రోడ్డులో మామూలు కారు వెళ్తుందా లేదా అన్నవి రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే డబ్బు పంపాలి. కొన్ని తోటలకు వాళ్ల జీపు తప్ప వేరేది ఎక్కదు, ఆ జీపు ఛార్జీ అద్దెలో కలవదు.

మూడోది అత్తిగుండి దగ్గర, అంటే గుహకు చాలా దగ్గరలో ఉన్న చిన్న ఇళ్లు. సౌకర్యాల్లో ఇవి అన్నిటికన్నా తక్కువ. కరెంటు పోతుంటుంది, ఫోను సిగ్నలు నిలకడగా ఉండదు, కాబట్టి చేతిలో నగదు ఉండాలి. రాత్రి చలికి ఇచ్చిన రగ్గులు చాలక స్వెటరుతోనే పడుకోవాలి. అయినా నేను ఎంచుకునేది ఇదే. తెల్లవారుజామున తలుపు తీస్తే ముంగిట్లోకి మబ్బు వచ్చి ఉంటుంది. కింది నుంచి వచ్చే మొదటి కార్ల కన్నా ముందే గుహ ప్రాంగణానికి చేరి, కాస్త కూర్చుని, జపమో, జిక్రో (సూఫీల నామస్మరణ) చేసుకుని, దర్శనం ముగించుకోవచ్చు. యాత్రగా వచ్చినవాడికి దీనికి మించిన సౌకర్యం మరొకటి లేదు.

తిండి విషయంలో పైన ఆశ పెట్టుకోవద్దు. గుహ దగ్గర కొట్లలో టీ, బజ్జీలు, మండక్కి (మరమరాలు), నూడుల్స్ దొరుకుతాయి. మధ్యాహ్న భోజనం కట్టుకుని వెళ్లటమే మంచిది.

కాఫీని వదిలి ఈ కొండ గురించి రాయటం కుదరదు. పదిహేడో శతాబ్దంలో సూఫీ సాధువు బాబా బుడన్ హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి ఈ వాలుల్లో నాటాడని ప్రతీతి. మొలకెత్తే గింజను దేశం దాటనివ్వని రోజులవి. మన దేశంలో కాఫీ సాగుకు అదే ఆరంభమని చెబుతారు. అత్తిగుండి దారిలో ఇప్పటికీ సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల కింద అరబికా చెట్లే. బాబాబుడన్‌గిరి అరబికాకూ, మన అరకు లోయ అరబికాకూ 2019లో ఒకేసారి భౌగోళిక గుర్తింపు దక్కింది. పొడి కొనాలనుకుంటే కొండ మీది కొట్లలో కాక, పట్టణంలో ఎదుటే వేయించి పొడి కొట్టి ఇచ్చే దుకాణాల్లో కొనండి, చికోరీ ఎంత కలపాలో మీరే చెప్పవచ్చు.

వెళ్లే కాలం గురించి నా సలహా అక్టోబరు నుంచి ఫిబ్రవరి. నవంబరు తర్వాత తోటల్లో ఎర్రటి పండ్లు కోస్తుంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, జలగలు, అప్పుడప్పుడు మట్టిపెళ్లలు విరిగిపడి దారి మూతపడటం. కొండ అప్పుడే అందంగా ఉంటుంది గానీ పెద్దవాళ్లతో రావద్దు. డిసెంబరులో దత్తజయంతి రోజుల్లో మాల వేసుకున్నవాళ్లు వేలల్లో వస్తారు, పర్యాటకుల రాకపోకల మీద ఆంక్షలు ఉంటాయి. ఆ ఉత్సవానికే వచ్చేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ వారం మానుకోవాలి. హోలీ తర్వాత మూడు రోజుల ఉరుసు జరుగుతుంది. ఉరుసుకు రావాలనుకునే తెలుగు యాత్రికులు పైన గది దొరుకుతుందని అనుకోకుండా పట్టణంలో ముందుగానే బస ఖాయం చేసుకుని, గంధం రోజున తెల్లవారకముందే పైకి చేరేట్టు టాక్సీ మాట్లాడి ఉంచుకోవాలి.