‘ఫ్రీ’ స్లైడ్‌షో మేకర్లతో జాగ్రత్త: ఎక్స్‌పోర్ట్ నొక్కాకే అసలు రేటు చెబుతారు

పెళ్లికో షష్టిపూర్తికో ఫొటోలన్నీ కలిపి వీడియో చేద్దామని గూగుల్‌లో వెతుకుతున్నారా? పైన ‘స్పాన్సర్డ్’ అని కనబడే ఫ్రీ స్లైడ్‌షో మేకర్లలో చాలావాటి పద్ధతి ఒకటే. డౌన్‌లోడ్ ఫ్రీ, ఫొటోలు ఎక్కించడం ఫ్రీ, పాట పెట్టడం ఫ్రీ. 150 ఫొటోలు వరుసగా పేర్చి ఎక్స్‌పోర్ట్ (వీడియో ఫైలుగా సేవ్ చేసే బటన్) నొక్కాక అప్పుడు చెబుతుంది: ప్రతి ఫొటో మీదా వాటర్‌మార్క్ (కంపెనీ పేరు ముద్ర) పడుతుందనో, మొదటి రెండు నిమిషాలే సేవ్ అవుతుందనో. ఆ ప్రాజెక్ట్ ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. తెల్లారితే ఫంక్షన్ ఉన్నవాళ్లు ఇంకేం చేస్తారు, కట్టేస్తారు.

ఇది పాత మోసమే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన విండోస్ మూవీ మేకర్‌ను 2017 జనవరిలో ఆపేసింది. అదే ఏడాది నవంబరులో ఆ పేరుతోనే ఒక నకిలీ గూగుల్ ఫలితాల్లో పైకొచ్చి, వీడియో సేవ్ చేయబోతే 29.95 డాలర్లు అడుగుతోందని యాంటీవైరస్ సంస్థ ఈసెట్ బయటపెట్టింది. ఇవాళ ఆ పేరుతో డబ్బు అడిగేది ఏదైనా మైక్రోసాఫ్ట్‌ది కాదు.

ఫ్రీ ట్రయల్‌కు కార్డో యూపీఐనో అడిగిందంటే ఆటోపేకు, అంటే ప్రతిసారీ దానంతటదే డబ్బు కోసుకోవడానికి, ఒప్పుకోమని అడుగుతున్నట్టే. ఒకసారి ఒప్పుకుంటే, 15,000 రూపాయల లోపు మొత్తానికి తర్వాత ఓటీపీ అవసరం లేదు. డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, దాన్ని వదిలేయకండి. యాప్ డిలీట్ చేస్తే కోత ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపేలో గానీ, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్లలో గానీ రద్దు చేయాలి. రద్దు చేసే దారే లేకుండా దాచిపెడితే, దాన్ని ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అంటారు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బురిడీ కొట్టించే డిజైన్లు) మార్గదర్శకాల ప్రకారం అది నిషిద్ధం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి. ఖాతాలోంచి మోసంగా డబ్బు పోతే మాత్రం వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930.

టెలిగ్రామ్‌లో తిరిగే ‘వాటర్‌మార్క్ లేని మోడ్ ఏపీకే’ల (ఎవరో మార్చేసి ప్లే స్టోర్ బయట పంచే యాప్ ఫైళ్ల) జోలికి అసలు పోవద్దు. ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే ఆలోచించండి: ఫొటోలు కలిపే యాప్‌కి మీ ఎస్‌ఎంఎస్‌లతో పనేంటి?

ఏది వాడినా ముందు మూడు ఫొటోలు, ఒక పాట, ఒక టైటిల్ పెట్టి చివరిదాకా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో చూడండి. ఐదు నిమిషాల్లో బండారం బయటపడుతుంది.

డబ్బు కట్టకుండానే పని జరగాలంటే కంప్యూటర్‌లో వాడే షాట్‌కట్ అనే వీడియో ఎడిటర్ చాలు. ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ లేదు, లాగిన్ లేదు. దాని సొంత సైటు నుంచే దించుకోండి. ఫొటోలూ పాటా అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ప్రాజెక్ట్ ఫైలులో ఉండేది ఫొటోలు కాదు, అవి ఎక్కడున్నాయన్న ఆచూకీ మాత్రమే. మధ్యలో ఫొటోలను వేరేచోటికి జరిపితే అవి మాయమైపోతాయి. పేర్లు 001, 002 అని పెట్టండి. 1, 2 అని పెడితే 1 తర్వాత 10 వచ్చే ప్రమాదం ఉంది. ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ రకం ఫొటోలను ముందే జేపెగ్‌లోకి మార్చుకోండి.

వీడియో మోడ్ 1080పీ, 30 ఫ్రేములు. ఫొటోలను ప్లేలిస్ట్‌లోకి లాగి, అన్నీ సెలెక్ట్ చేసి, ప్లేలిస్ట్ మెనూలో ‘యాడ్ సెలెక్టెడ్ టు స్లైడ్‌షో’ నొక్కండి. ఫొటోకి 4 సెకన్లు సరిపోతుంది. 100 ఫొటోలంటే దాదాపు ఆరున్నర నిమిషాలు, అంతకు మించితే బంధువులు కూడా చూడరు. నిలువు ఫొటోలుంటే క్రాప్ వద్దు, తలలు తెగిపోతాయి. ప్యాడ్ ఎంచుకుంటే పక్కన నల్లపట్టీలు వస్తాయి గానీ మనిషి పూర్తిగా కనబడతాడు. తెలుగు టైటిల్‌కి యూనికోడ్ (ఫోన్లలో కనబడే మామూలు తెలుగు) ఫాంటే వాడండి. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన శుభలేఖ మాటర్ కాపీ చేస్తే పిచ్చి అక్షరాలే వస్తాయి.

ఎక్స్‌పోర్ట్‌లో ‘ఫ్రమ్’ దగ్గర టైమ్‌లైన్ (ఫొటోలన్నీ వరుసగా ఉన్న పట్టీ) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఒక్క క్లిప్పే సేవ్ అవుతుంది. హెచ్.264 ఎంపీ4 అయితే పాత టీవీల్లో కూడా చాలావరకు ఆడుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఫంక్షన్ హాల్ స్క్రీన్ మీద ముందురోజే ఒకసారి వేసి చూడండి, సౌండ్‌తో సహా.